దస్తావేజులో రాయని ధర

మా ప్రాంతంలో పొలం అమ్మకపు దస్తావేజు రాసేటప్పుడు విస్తీర్ణం తరువాత నాలుగు హద్దులు రాస్తారు. నా రెండెకరాలకు పడమర బండ్లు పోయే డొంక, ఉత్తరం పంటకాలువ, దక్షిణం ఒకరి పత్తిచేను. తూర్పున ఒక మనిషి పేరు ఉంది. ఆ పేరును ఇక్కడ రాయను. ఇప్పుడు ఆ దిక్కున రోడ్డు ఉంది. మిరపకాయ బస్తాల లారీలు దాని మీదుగానే గుంటూరు పోతుంటాయి. దస్తావేజును మాత్రం ఎవరూ సవరించలేదు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో లెక్కలు బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. విరమణకు ఏడాది ముందు నా భార్య కన్నుమూసింది. పిల్లలు లేరు. బడి గంట లేని రోజు ఎలా గడుస్తుందో తెలియని మనిషికి పొలం ఒక క్రమాన్ని ఇస్తుందన్న ఆలోచనతో, తొంభైల చివరలో, చేతికందిన సొమ్ముతో ఆ రెండెకరాలు కొన్నాను. అమ్మినాయన వ్యవసాయం మానుకొని లారీల వ్యాపారానికి పట్నం వెళ్ళిపోతున్నాడు. బేరం కుదిర్చినవాడు తూర్పు హద్దు రైతు.

ఆయనది నా వయస్సే. తాతలు ఊరూరా తిరిగి దూది ఏకి పొట్టపోసుకున్న ముస్లిం కుటుంబం. ఆ ఏకుడు కూలితో తండ్రి కొన్న మూడెకరాలే ఆయన ఆస్తి. నల్లరేగడి నేల. ఒక ఏడు మిరప, ఒక ఏడు పత్తి. మధ్యాహ్నం కాగానే గట్టు మీద తువ్వాలు పరచి నమాజు చేసుకునేవాడు. ఆయన లేచి తువ్వాలు దులిపే వరకు నేను నా భోజనం గిన్నె మూత తీసేవాణ్ణి కాదు. ఇలా ఉండాలని మేము ఎప్పుడూ అనుకోలేదు. మొదటి రోజు అలా జరిగింది, తరువాత అదే నియమమైంది.

నేను తాడు కట్టి మొక్కలు నాటించేవాణ్ణి. వరుస అర అడుగు పక్కకు పోయినా పీకించి మళ్ళీ పెట్టించేవాణ్ణి. ఆయనకు అది పెద్ద వినోదం. "మాస్టారి తోట చూడండ్రా, ప్రార్థనకు నిలబెట్టిన పిల్లకాయల్లా ఉంది. కాయ కూడా సెలవు చీటీ రాసిస్తేగాని రాలదు" అని కూలీలతో అనేవాడు. దిగుబడి మాత్రం ప్రతి ఏడూ ఆయనకే ఎక్కువ వచ్చేది.

ఇక రిజిస్ట్రేషన్ రోజు సంగతి. తరువాత జరిగినదంతా ఆ రోజు నుంచే మొదలైంది కాబట్టి దానిని వరుసగా చెప్పాలి.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయం వరండాలో దస్తావేజు లేఖరి బల్ల ముందు ముగ్గురం కూర్చున్నాం: అమ్మేవాడు, కొనే నేను, సాక్షి సంతకం కోసం వచ్చిన ఆయన. లేఖరి ధర అడిగాడు. ఇచ్చినదెంతో అంతా చెప్పాను. లేఖరి కలం పైకెత్తి, నన్ను వదిలి అమ్మేవాడి ముఖం చూశాడు. అమ్మేవాడు ఆయన ముఖం చూశాడు.

మా దగ్గర ఒక వాడుక ఉంది. పొలం ఎంతకు కొన్నా, దస్తావేజులో మాత్రం సర్కారు పుస్తకంలో ఉన్న కనీస విలువే రాయిస్తారు. అది అసలు ధరలో మూడో వంతు ఉంటే గొప్ప. స్టాంపు ఖర్చు తగ్గుతుంది. దీనిని ఎవరూ అబద్ధమని అనుకోరు.

"అదేంది మాస్టారూ, ఉన్నది ఉన్నట్టు రాయిస్తారా?" అన్నాడు ఆయన. "మీ కాగితం చూసి ఆఫీసోళ్ళు రేపు ఊరందరికీ అదే రేటు కడతారు. మీ నీతికి మేమంతా స్టాంపులు కొనాలా?"

దస్తావేజు అన్నది నిజం చెప్పడానికి పుట్టిందని, లేకపోతే దాన్ని రాయించడమే దండగని నేను వాదించాను.

"ధర మనకు తెలుసు, ఆ నేలకు తెలుసు. సర్కారుకు తెలియకపోతే కొంపలేం మునుగుతయ్యండీ?" అన్నాడు.

నేను లొంగిపోయాను. ఊరి కోసం లొంగానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగిలే స్టాంపు సొమ్ముతో కాలువ నుంచి పైపులు వేయించుకోవచ్చన్న ఆలోచన కూడా ఆ నిమిషంలోనే వచ్చింది. పైపులు వేయించాను కూడా. లేఖరి మూడో వంతు ధర రాశాడు. అమ్మేవాడి తరువాత నేను సంతకం చేశాను. నా సంతకం కింద ఆయన, ఒక్కొక్క అక్షరాన్ని దిద్దినట్టు నెమ్మదిగా, సాక్షిగా తన పేరు రాశాడు.

రెండు పంటకాలాలు గడిచాయి. మూడో ఏడు పైరు మోకాలెత్తున ఉండగా సర్వే మనుషులు గొలుసుతో వచ్చారు. పట్నానికి బయటి నుంచి పోయే కొత్త రోడ్డు. వాళ్ళు పాతిన రాళ్ళకు ఎర్ర రంగు పూశారు. రాళ్ళ వరుస ఉత్తరం నుంచి వచ్చి, గట్టును ఆనుకొని అవతల, ఆయన పొలం మీదుగా నిలువునా పోయింది. మూడెకరాల్లో తూర్పు అంచున నాగలి తిరగనంత సన్నని పట్టీ ఒకటి మిగిలింది. బోరు రోడ్డులో పడింది. నా పొలంలో ఒక్క అడుగు కూడా పోలేదు.

ఆయన పెద్దగా గొడవ చేయలేదు. రోడ్డు రావాలి, ఎవరో ఒకరి పొలంలోంచే రావాలి, ఆకాశంలోంచి రాదు కదా అని కూలీలకు తానే చెప్పేవాడు. ఆయన కోరిక ఒక్కటే. "ఎకరానికి ఎకరం వస్తే చాలు మాస్టారూ. లాభం వద్దు. ఈ మూడు పోతే ఇంకోచోట మూడు కొనుక్కునేట్టు ఇస్తే, వాళ్ళకూ నాకూ చెల్లు." నష్టపరిహారం గురించి ఆ తరువాత నేను చట్టం పుస్తకాలు చదివాను, న్యాయవాదుల మాటలు విన్నాను. ఆ మాటకన్నా స్పష్టమైన నిర్వచనం నాకు దొరకలేదు. రెండూళ్ళ అవతల నల్లరేగడి మూడెకరాలు అమ్మకానికి ఉంటే వెళ్ళి చూసి, మట్టి చేతిలోకి తీసుకొని నలిపి, అమ్మేవాడిని కొంతకాలం ఆగమని అడిగి వచ్చాడు.

పరిహారం నిర్ణయించిన ఉత్తర్వు ప్రతి వచ్చిన రోజున దానిని చదివి వినిపించమని గట్టు మీదికి తెచ్చాడు. నమాజు అయింది. భోజనాలు పక్కన పెట్టాం. నేను కళ్ళజోడు తుడుచుకొని మొదటి పుట నుంచి చదివాను. భూసేకరణ అధికారి చుట్టుపక్కల గత మూడేళ్ళలో జరిగిన అమ్మకాలన్నీ పట్టికగా వేశాడు. ఇది దూరం కాబట్టి తోసివేయడమైనది, ఇది ఇంటిస్థలం కాబట్టి తోసివేయడమైనది అంటూ ఒక్కొక్కదాన్నే తీసేశాడు. లెక్కలు చెప్పినవాడిగా ఆ పద్ధతిలో నాకు తప్పు కనిపించలేదు. చివరకు ఒక్క అమ్మకం మిగిలింది. సేకరించే భూమికి ఆనుకొని ఉన్నది, ఒకే రకం నేల, ఇటీవలిది, కావున ఇదియే ప్రమాణము అని రాసి దస్తావేజు నంబరు ఇచ్చాడు. నంబరు చూడగానే నాకు తెలిసింది. అది నాది.

చదవడం ఆపాను.

"ఆపారేం?" అన్నాడు.

మిగిలిన వాక్యం చదివాను. ఆయన కొంతసేపు నా తోట వైపు చూశాడు. "అందులో నా సంతకం కూడా ఉంది గదండీ" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే నేను జవాబు చెప్పగలిగేవాణ్ణి.

ఆ ధర మీద, బలవంతంగా తీసుకుంటున్నందుకు ఓదార్పుగా నూటికి ముప్పై చొప్పున అదనంగా కలుపుతారు. ఆ ముప్పై కలిపినా, రెండూళ్ళ అవతల మూడెకరాలు కాదు, ఒకటిన్నర కూడా వచ్చేది కాదు. ఆ రోజు ఇద్దరం భోజనం చేయకుండానే లేచాం.

సొమ్ము తీసుకునే రోజున నేను ఆయన వెంట వెళ్ళాను. నాకు చేతనైన సాయం అదొక్కటే. మారు మాట్లాడకుండా తీసుకుంటే ఇచ్చిన ధరకు ఒప్పుకున్నట్టే అవుతుంది, తరువాత కోర్టుకు వెళ్ళే హక్కు ఉండదు. "అభ్యంతరం తెలుపుతూ స్వీకరించడమైనది" అని రసీదులో సంతకం పైన రాయాలని చెప్పాను. ముందు నిలబడ్డవాళ్ళంతా వేలిముద్రలు, సంతకాలు పెట్టి గబగబా వెళ్ళిపోతున్నారు. ఆయన అదే నెమ్మదితో ఆ మూడు మాటలు రాస్తుంటే వెనుక వరుసలోంచి ఎవరో, "ఏందిరా, పెళ్ళి శుభలేఖ రాస్తున్నావా?" అని అరిచారు. గుమాస్తా విసుక్కున్నాడు. నేను పక్కనే నిలబడి అక్షరదోషాలు లేకుండా చూశాను.

ఆఖరు కోత అయ్యాక యంత్రాలు వచ్చాయి. బోరు పైపులు ఒక్కొక్కటే పైకి లాగుతుంటే ఆయన లెక్కపెడుతూ నిలబడ్డాడు. గట్టు పోయింది. ఆ తరువాత కొన్నాళ్ళు మధ్యాహ్నానికి వచ్చి నా వైపు నేల మీద తువ్వాలు పరచేవాడు. చేయడానికి పనిలేని చోటికి రోజూ రావడం ఆయనకే ఇబ్బందిగా ఉన్నట్టుంది. కొన్నాళ్ళకు రావడం మానేశాడు. దాచేపల్లి దగ్గర సిమెంటు లారీలు తిరిగే దారిలో ఆయన అల్లుడికి పంక్చర్ల షాపు ఉంది. అక్కడికి వెళ్ళి, వచ్చే లారీలకు గాలి కొడుతున్నాడని తెలిసింది. రెండూళ్ళ అవతలి పొలం ఇంకా అమ్ముడుపోలేదని, దానిమీద ఆశ పెట్టుకొనే కోర్టులో పిటిషను వేశాడని కూడా తెలిసింది.

కేసు విచారణకు రావడానికి చాలాకాలం పట్టింది. ఒక వేసవి ఉదయం ఆయన మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్ళు తాగాడు. దాచేపల్లిలో చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి దుమ్మేనని, ఆరేసిన బట్ట సాయంత్రానికి గట్టిపడుతుందని చెప్పాడు. నేను పొలం సంగతులు చెప్పాను. లేచి చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"కొన్నాయన వచ్చి అసలు ధర చెబితే కేసు నిలబడుద్దని లాయరు అడగమన్నాడు. నేను అడగట్లేదు. చెప్పిపోదామని వచ్చాను."

ఆలోచించి చెబుతానన్నాను. పాఠశాలలో సెలవు అడిగిన ఉపాధ్యాయుడికి చెప్పినట్టు చెప్పాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ ఆలోచనకు నాకు మూడు వారాలు పట్టింది. కాపీ కొట్టిన పిల్లలను తరగతి ముందు నిలబెట్టినవాణ్ణి నేను. ఆ కోర్టు గుమాస్తాల్లో ఇద్దరు నా దగ్గర చదివినవాళ్ళే. నిండు కోర్టులో నిలబడి, నేను సంతకం చేసిన కాగితం అబద్ధమని నా నోటితో చెప్పాలి. తక్కువ కట్టిన స్టాంపు రుసుముకు జరిమానా పడవచ్చు. జరిమానా నన్ను అంతగా కలవరపెట్టలేదు. గుమాస్తాల చూపు కలవరపెట్టింది. అమ్మినాయనకు కబురు పెడితే, తనకేమీ గుర్తులేదని జవాబు వచ్చింది.

విషయం ఎలాగో ఊళ్ళో పొక్కింది. నలుగురు పెద్దలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అందరి పొలాల కాగితాలూ అలాంటివేనని, ఒకటి కదిపితే అన్నీ బయటపడతాయని మర్యాదగానే చెప్పారు. వాళ్ళలో పెద్దాయన మాత్రం మర్యాద దాచుకోలేదు. "మాస్టారూ, కోర్టులో మీరు పంచె విప్పితే ఊడేది మీదొక్కరిదే కాదు. ఊరందరిదీ ఊడుద్ది." మిగిలినవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాటతోనే నేను వెళ్ళాలని తేలిపోయింది. అబద్ధానికి అందరూ కాపలా కాస్తున్నప్పుడు, దానికి బలైనవాడు ఒక్కడే కోర్టు వరండాలో నిలబడటం పద్ధతి కాదనిపించింది.

విచారణ రోజున ఉతికిన బట్టలు కట్టుకొని, కొన్నప్పటి నా లెక్కల పుస్తకం చంకన పెట్టుకొని వెళ్ళాను. ఆయన న్యాయవాది అడిగినదానికి అసలు ధర చెప్పాను. తరువాత ప్రభుత్వ న్యాయవాది లేచాడు. చిన్నవాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. దస్తావేజు నా చేతికిచ్చి, ఈ సంతకం మీదేనా అన్నాడు. నాదేనన్నాను. కింద సాక్షి సంతకం ఎవరిదన్నాడు. పిటిషనుదారుదన్నాను.

"మాస్టారు గారూ, అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అప్పుడు రాసింది."

"అలా రాయమని మీకు సలహా ఎవరిచ్చారండి?"

తలుపు దగ్గర తువ్వాలు చేత్తో పట్టుకొని ఆయన నిలబడి ఉన్నాడు. నేను అటు చూడలేదు.

"సంతకం చేసేటప్పుడు పెన్ను నా చేతిలోనే ఉంది" అన్నాను.

సాయంత్రం బస్సులో ఇద్దరం ఒకే సీటులో కూర్చున్నాం. టిక్కెట్లు ఆయనే తీసుకున్నాడు. నేను వద్దనలేదు. కిటికీ బయట, రోడ్డు పక్క కల్లాల్లో ఎండిన మిరపకాయలను కుప్పలు చేస్తున్నారు. బస్సులో అందరూ దగ్గుతున్నారు.

"నా పేరు చెప్పాల్సింది మాస్టారూ" అన్నాడు.

అడిగినదానికి జవాబు చెప్పానన్నాను.

"లేదు, దాచారు. తక్కువ రాయమన్నది నేను. మీరు నా పేరు చెప్పుంటే తప్పు చెరి సగం అయ్యేది. మీరు మొత్తం ఎత్తుకున్నారు. ఇప్పుడు మీ ముందు నేను ఎట్టా కూచోవాలి?"

దాచడంలో దయ ఉందని నేను అనుకున్నాను. అందులో ఒక గర్వం కూడా ఉందని ఆయన కనిపెట్టాడు. దాచేపల్లి బస్సు అందుకోవలసిన చోట దిగి, కిటికీ దగ్గరకు వచ్చి, వెళ్ళొస్తానని చెప్పాడు. మా బస్సు కదిలేదాకా నిలబడ్డాడు.

తీర్పు కొన్ని నెలలకు వచ్చింది. రిజిస్టరు దస్తావేజులో ఒక ధర రాసి, వేరే ధర ఇచ్చామని నోటిమాటగా చెబితే చెల్లదన్నారు. సాక్షి సంతకం పెట్టినవాడే ఆ ధరను కాదనడం మరీ విచిత్రమన్నారు. పట్నానికి దగ్గర అన్న కారణంతో కొద్దిగా పెంచారు. నేను న్యాయమూర్తిని తప్పుపట్టను. కాగితాన్ని నమ్మకపోతే కోర్టు దేన్ని నమ్ముతుంది? రెండూళ్ళ అవతలి మూడెకరాలను తీర్పుకు ముందే ఎవరో కొనేశారు. వాళ్ళు కూడా దస్తావేజులో మూడో వంతే రాయించారని విన్నాను.

పైకోర్టుకు వెళ్దామని ఆయనకు ఉత్తరం రాశాను. ఖర్చు నేను భరిస్తానని కూడా రాశాను. ఆ రెండో వాక్యం రాయకుండా ఉండవలసింది. జవాబు రాలేదు.

ఊళ్ళో ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అర్జీలు రాయించుకోవడానికి రావడం మాత్రం మానేశారు. పెద్దవాళ్ళు డొంకలో ఎదురైతే పైరు బాగుందా అని అడిగి, జవాబు వినకుండా నడిచిపోయేవారు. నా సాక్ష్యం వల్ల ఎవరి కాగితమూ బయటపడలేదు. ఎవరికీ జరిమానా పడలేదు, నాకు కూడా. అయినా నా పద్ధతి మీద వాళ్ళకున్న నమ్మకం పోయింది. నేనిప్పుడు ఏం చేస్తానో వాళ్ళకు తెలియదు.

రోడ్డు మీద బళ్ళు తిరగడం మొదలయ్యాక నా రెండెకరాల ధర పెరిగింది. ఏ రోడ్డు కోసం ఆయన పొలం పోయిందో, ఆ రోడ్డే నా పొలానికి విలువ తెచ్చింది. నా మోకాళ్ళు గట్లు ఎక్కనివ్వకపోవడంతో అమ్మేద్దామనుకున్నాను. కొనేవాళ్ళు కార్లలో వస్తారు, రోడ్డు నుంచే పొలం చూస్తారు. నాకొక్కటే షరతు: ఇచ్చే ధర ఎంతో దస్తావేజులో అంతా రాయాలి. మొదట నవ్వుతారు. నేను నవ్వకపోయేసరికి ఆగిపోతారు. ఒకాయన ఓపికగా నచ్చజెప్పాడు. "మీకు డబ్బు మొత్తం చేతికొస్తుంది గదండీ, కాగితంలో ఎంతుంటే మీకేంది?" ఇదే మాటను నేను ఒకసారి వరండాలో మరొక రూపంలో విన్నాను.

ఇప్పుడు అసలు ధర రాయించినంత మాత్రాన ఆయనకు ఒక్క రూపాయి కూడా పెరగదు. సేకరణ ప్రకటనకు ముందు జరిగిన అమ్మకాలనే లెక్కలోకి తీసుకుంటారు. అది నాకు తెలుసు. ఈ రోడ్డును ఇంకా వెడల్పు చేస్తారన్న మాట వినిపిస్తున్నది. అప్పుడు మరొకరి గట్టు పోతుంది, మరొక అధికారి పట్టిక వేస్తాడు. ఆ పట్టికలో ఒక్క దస్తావేజయినా నిజం చెప్పేది ఉండాలి.

అమ్మకపు చిత్తును నేనే స్వయంగా రాసి పెట్టాను. తూర్పు హద్దు దగ్గర కలం ఆగింది. రోడ్డు అని రాశాను. రోడ్డుకు అవతల ఆ సన్నని పట్టీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అందులో తుమ్మ మొక్కలు మొలిచాయి. ఆనుకొని లేనిదాన్ని హద్దుగా రాయకూడదు కాబట్టి రాయలేదు. చివరన మొదటి సాక్షి చోటు ఖాళీగా ఉంచాను. ఆ సంతకానికి రావలసిందిగా ఆయనకు కార్డు రాశాను. ఈసారి ఖర్చుల ప్రస్తావన లేదు. పది రోజులకు జవాబు వచ్చింది. అవే దిద్దినట్టున్న అక్షరాలు. "అసలు ధరకు కొనేవాడు దొరికితే కబురు చేయండి. వస్తాను."

మొన్న ఒక కొనుగోలుదారు చిత్తు చదివి, కింద ఖాళీ చూసి, "ఈ సాక్షి ఎవరండి?" అని అడిగాడు.

తూర్పు హద్దు రైతు అని చెప్పాను.

కొనడానికి వచ్చినాయన తల ఎత్తి రోడ్డు వైపు చూశాడు. తరువాత ధర ఉన్న పంక్తికి వచ్చి, రెండుసార్లు చదివి, కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చాడు. కారు వెళ్ళిపోయాక వేపచెట్టు నీడలో కూర్చున్నాను. మధ్యాహ్నమైంది. గిన్నె మూత వెంటనే తీయలేదు. ఒక నమాజుకు పట్టేంతసేపు ఆగాను.